ఎడమ కాలి గొడవ

మార్చి 6

"మీ పద్ధతంటే మాకెప్పుడూ గౌరవమే డాక్టరుగారూ, కానీ..." అన్నాడు పెద్దాయన. మా ఆస్పత్రి డైరెక్టరు. ఆయన నోట ‘కానీ’ వచ్చిందంటే ఎవరికో మూడిందని అర్థం. ఇవాళ మూడింది నాకు.

గురువారం తీసేస్తారట. పెద్ద థియేటరు గురువారం నాది. మూసుకుపోయిన కాళ్ళకి బైపాస్ చేసే రోజు. కాలి పొడవునా పైపైన పోయే సిరని తీసి, మూసుకుపోయిన ధమని పక్కన కొత్త దారిగా కుట్టే పని. ముప్ఫయ్యేళ్ళుగా చేస్తున్నాను. ఇప్పుడు ఆ గదిని కూడా కలుపుకుని తీగ గదిని పెద్దది చేస్తారట. కోత అవసరమైనవాళ్ళని వేరే ఊరికి పంపిస్తారట. ఏప్రిల్ ఆఖరి మీటింగులో తేలుస్తామన్నాడు.

తీగ అంటే నా శిష్యుడు. ఆ పేరు పెట్టింది నేనే. గజ్జలో సూది గుచ్చి, దారమంత తీగని రక్తనాళంలోకి పోనిచ్చి, మూసుకున్నచోట బుడగ ఊది, అవసరమైతే స్టెంటు పెట్టి వస్తాడు. కోత లేదు, కుట్టు లేదు. పేషెంటు మర్నాడు ఇంటికి పోతాడు. వాడి గదిలో చీకటి, అందరి చూపూ తెర మీదే. అందుకని దాన్ని సినిమా హాలు అంటాను. వాడు నవ్వుతాడు. వాడికి కోపం రాదు, అదే నాకు కోపం.

మీటింగులో ఇద్దరం అధ్యయనాలు తిరగేశాం. పెద్దవి రెండున్నాయి. ఒకటి మంచి సిర ఉంటే కోతే మేలంది, రెండోది ముందు తీగే మేలంది. ఎవరికి కావలసింది వాళ్ళు చదివాం. చివరికి వాడు మెల్లగా, "మనిషిని బట్టి మేడమ్" అన్నాడు. ఆ మాట ముందే అని ఉంటే మీటింగు అరగంటలో అయిపోయేది.

మీటింగు కోసమని కొత్త బూట్లు వేసుకెళ్ళాను. ఎడమ కాలి చిటికెనవేలు కొరికేశాయి. ఇంటికి నడిచి వస్తుంటే ఆ కాలి పిక్కే పట్టేసింది. బూట్ల వల్లే.

మార్చి 7

వేలి మీద చిన్న పొక్కు. పెద్ద విషయం కాదు.

మార్చి 13

మేస్త్రి వచ్చాడు. వడ్రంగి. తీగ వాడి కుడి కాల్లో మూడుసార్లు దారి తెరిచాడు, మూడుసార్లూ మూసుకుంది. రాత్రుళ్ళు కాలు మంచం మీంచి కిందికి వేలాడేస్తే గాని నొప్పి తగ్గడం లేదట. అంత దాకా వచ్చిందంటే మామూలు మూత కాదు.

"సిర బాగుంది. కోయిస్తారా?" అన్నాను.

"కోతంటే భయం డాక్టరమ్మా. కర్రని కోస్తానుగాని, నన్ను కోస్తే పడలేను" అన్నాడు. నాలుగోసారి తీగ దగ్గరికే పోయాడు. తెరుచుకుంది కూడా. తీగ ఆ బొమ్మ నాకు ఫోన్లో పంపాడు. అభినందనలు అని రాసి, పంపకుండా చెరిపేశాను.

మధ్యాహ్నం థియేటర్లో నా పని నేను చేశాను. పని బాగా వచ్చింది. చివర్లో పిక్క లాగింది. ఇన్నేళ్ళు నిలబడ్డ కాళ్ళు, లాగవా మరి!

మార్చి 18

చెల్లితో కూరగాయలకి వెళ్ళాను. చెల్లి లెక్కల టీచరు, నా ఇంట్లోనే ఉంటుంది. లెక్క తప్పితే ఊరుకోదు, మనుషుల విషయంలో కూడా.

"అక్కా, ఆ తాళాల షాపు ముందు ఆగుతావేంటి?"

"తాళాలు చూస్తున్నా."

"నిన్న కూడా చూశావుగా. మనింటికున్న తలుపులే మూడు. అంతకుముందు టైర్ల షాపు ముందు ఆగావు. మనకి కారు లేదు."

నాలుగడుగులు వేసి ఆగి, షాపు చూసినట్టు నటించి, నొప్పి తగ్గాక మళ్ళీ నడిచేవాళ్ళ గురించి ప్రతి ఏడూ కొత్త బ్యాచికి చెప్తాను. కాలికి రక్తం చాలనివాళ్ళు అలా చేస్తారని. చెల్లికి ఆ పాఠం తెలియదు. అదే నా అదృష్టం.

ఇంటికొచ్చి తలుపేసుకుని కాలు చూసుకున్నాను. పాదం మీద నాడి దొరికింది. టక్, టక్, టక్. సన్నగానైనా సరే, ఉంది. నాడి ఉన్న కాలికి ఏ రోగమూ లేదు. పిక్క నొప్పి నడుం నుంచి వస్తోంది. వయసు.

మార్చి 19

నాడి ఉంది.

మార్చి 20

గురువారం. సగంలో స్టూలు వేయించుకున్నాను, మొదటిసారి. నర్సు కళ్ళు పెద్దవి చేసి చూసింది. "నడుం" అన్నాను. "అలాగే మేడమ్" అంది. మధ్యాహ్నానికల్లా ఆస్పత్రంతా ‘మేడమ్ నడుం’ అని పాకింది. పాకనీ. నడుం ఉన్నవాళ్ళకి నడుం నొప్పి ఉంటుంది. పెద్దాయన చెవిన ‘కాలు’ అని పడితే మాత్రం గురువారం ఆ క్షణమే పోతుంది. నిలబడలేని సర్జన్‌కి థియేటరెందుకు అంటాడు. అడగాల్సిన ప్రశ్నే, కానీ ఆయన అడిగితే నేను ఊరుకోను.

నాడి ఉంది. మడమ దగ్గర కూడా దొరికింది.

మార్చి 24

పొక్కు మానలేదు. అంచు నల్లబడింది. పుండు అనను, గాయం అంటాను. నాకు షుగరుంది కాబట్టి మెల్లగా మానుతుంది, అంతే. నేనే శుభ్రం చేసి కట్టు కట్టుకున్నాను. ఈ ఊళ్ళో నాకంటే బాగా కట్టు కట్టేవాళ్ళు లేరు, డబ్బిచ్చినా దొరకరు.

నాడి ఉంది. ఇంకేం కావాలి?

మార్చి 27

పొద్దున్న వార్డులో పిల్లలకి పాఠం. ఒక ముసలాయన కాలు. చల్లగా, నున్నగా, గాజులా ఉంది. నాడి లేదని నాకు దూరం నుంచే తెలుసు. ఒక కుర్ర డాక్టరమ్మ పాదం మీద మూడు వేళ్ళు ఆన్చి, "ఉంది మేడమ్, స్పష్టంగా ఉంది" అంది.

"ఎవరిది?"

"పేషెంటుది."

"నీది. గట్టిగా నొక్కితే నీ వేలి కొసల్లో నీ నాడే నీకు తెలుస్తుంది. ఉండాలని కోరుకునేవాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది. రెండో చేత్తో ఆయన మణికట్టు పట్టుకో. పాదం దగ్గర నీకు తెలుస్తున్న దెబ్బ ఆయన గుండెతో కలిసి నడవకపోతే అది నీది."

పట్టుకుని చూసింది. ముసలాయన గుండె నిదానంగా నడుస్తోంది. ఆ పిల్లది భయంతో పరిగెడుతోంది. ముఖం ఎర్రబడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇవాళ నా కాలు చూసుకోలేదు. పని ఎక్కువ.

మార్చి 28

చూశాను. ఉంది.

మార్చి 29

ఉంది అనుకుంటున్నాను.

మార్చి 30

ఆదివారం. చెల్లి నా సాక్సు పట్టుకుని హాల్లో నిలబడింది. కొసన ఎండిన మరక.

"ఇదేంటి?"

"బూటు కొరికింది."

"ఎప్పుడు?"

"మొన్న."

"ఏ మొన్న? బూట్లు నువ్వు మొదట్లో ఒక్క రోజు వేసుకుని అటక మీద పడేశావు. నెల కావస్తోంది. కట్టు విప్పు."

విప్పనన్నాను. నీకేం తెలుసు అన్నాను. డాక్టరు నువ్వా నేనా అన్నాను. అన్నిటికీ చెల్లి ఒక్క పనే చేసింది. తీగకి ఫోన్ చేసింది. వాడు చదువుకునే రోజుల్లో ఈ ఇంట్లో ఎన్ని పూటలు తిన్నాడో లెక్కలేదు. ఆ విశ్వాసం చెల్లి మీదుంది గాని, నా మీద కాదు.

జేబులో చేతి డాప్లర్ పెట్టుకుని వచ్చాడు. రక్తం పారుతుంటే చప్పుడు వినిపించే చిన్న యంత్రం. వేలు చూశాడు. వాడి ముఖం నాకు బాగా తెలుసు. ఏమీ అనలేదంటే చాలా ఉందని.

"నాడి చూశారా మేడమ్?"

"రోజూ. ఉంది."

"ఎవరు చూశారు?"

"నేనే. ఇంకెవరు చూడాలి?"

"మేడమ్, పేషెంటు నాడో, మన వేలి నాడో తేల్చుకోడానికి వాళ్ళ గుండెతో పోల్చి చూడమంటారు కదా..."

"అంటాను. అయితే?"

"మీ పాదాన్ని మీ వేలితో చూసుకుంటే దేంతో పోలుస్తారు? రెండిటికీ గుండె ఒకటే."

ఈ పరీక్ష నేనే ఎన్ని తరాల పిల్లలకి నేర్పానో! ఒక్క మనిషి మీద మాత్రం అది పనిచేయదు. ఆ మనిషిని నేను. చూసిన ప్రతిసారీ కాలి మీద నా వేలి నాడినే పట్టుకుని సంబరపడ్డాను. ఇది వంటింట్లో పనిచేసేవాళ్ళకి గాని, లెక్కలు చెప్పేవాళ్ళకి గాని ఎప్పటికీ రాని తప్పు. రావాలంటే ముందు సర్జన్ అయ్యుండాలి.

డాప్లర్ పాదం మీద పెట్టాడు. నిశ్శబ్దం. జెల్ ఇంకొంచెం రాసి, అటూ ఇటూ జరిపాడు. నిశ్శబ్దం. చెల్లి, "యంత్రం పనిచేస్తోందా?" అంది. వాడు తన మణికట్టు మీద పెట్టుకుని చూపించాడు. గది నిండా చప్పుడు. మళ్ళీ నా మడమ పక్కన, లోపలి వైపు, చాలాసేపు వెతికాడు. ఎక్కడో దూరంగా ఎవరో నిట్టూర్చినట్టు సన్నగా వినిపించింది. అంతే మిగిలింది.

"రేపు స్కాన్ చేద్దాం" అన్నాడు.

"రేపు ఓపీ ఉంది."

"అక్కా!" అంది చెల్లి. ఆ గొంతుతో దాని క్లాసులు మొత్తం నోరు మూసుకుంటాయని ఇవాళ అర్థమైంది.

ఏప్రిల్ 1

ఒప్పుకోను.

ఏప్రిల్ 3

గురువారం. థియేటరు ఖాళీ. జ్వరమని చెప్పించాను.

స్కాన్ నేనే చదివాను, ఎవరినీ చదవనివ్వలేదు. తొడలో ధమని జానెడు పొడవున మూసుకుంది. మోకాలి కింద మూడు కొమ్మల్లో ఒకటే బతికి ఉంది, అదీ సన్నగా. ఇలా వదిలేస్తే వేలు పోతుంది, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. ఈ వరస నేను ఎన్ని కుటుంబాలకి చెప్పానో. ఇవాళ చెప్పించుకోవాల్సిన కుటుంబం పక్క గదిలో పేపర్లు దిద్దుతోంది.

బైపాస్ చేయించుకుంటానన్నాను. నా స్నేహితురాలు ఒకామె వేరే ఊళ్ళో చేస్తుంది, చేయి మంచిది. తీగ ఎదురు చెప్పలేదు. "సిర?" అన్నాడు, అంతే.

సిర లేదు. నాకు ముప్ఫై అయిదేళ్ళప్పుడు, థియేటర్లో గంటలు గంటలు నిలబడి రెండు కాళ్ళలో సిరలు ఉబ్బిపోయాయి. మా గురువుగారే గజ్జ నుంచి మడమ దాకా రెండూ పీకేశారు. ఆ రోజుల్లో అదే వైద్యం. ఇప్పుడైతే లేజర్‌తో కాల్చి మూస్తారు, అదైనా బైపాస్‌కి పనికిరాకుండా పోయినట్టే. దారి కుట్టే నాకే దారికి సామాను లేకుండా పోయింది. చేతుల్లోని సిరలు చూశాం. పెన్ను రీఫిల్లంత సన్నం. ప్లాస్టిక్ గొట్టం వేయొచ్చు. మోకాలి కింద, పుండున్న కాల్లో ప్లాస్టిక్ గొట్టం! పెద్దాయనకి కూడా వేయను.

"నాకంటే మీకే బాగా తెలుసు. నేను చెప్పను, మీరే చెప్పండి" అన్నాడు.

చెప్పలేదు. గదిలోంచి పొమ్మన్నాను. పోలేదు. చెల్లి టీ తెచ్చింది. ముగ్గురం తాగాం. తర్వాత చెప్పాను.

"సరే. నీ సినిమా హాలుకే వస్తాను. కొన్ని షరతులు. మత్తు వద్దు, గుచ్చేచోట మొద్దుబార్చు చాలు. తెర నా వైపు తిప్పాలి. మోకాలి దగ్గర స్టెంటు పెట్టొద్దు. వంగేచోట లోహం పెడితే విరుగుతుంది, విరిగినవి నేను బయటికి తీశాను. మందు పూసిన బుడగ వాడుకో."

"ఆ మందు బుడగలు మనుషుల్ని చంపుతున్నాయని కిందటిసారి నా ముందు స్లయిడు వేసింది మీరు కాదా?"

అలాంటి గగ్గోలు ఒకటి కొన్నేళ్ళ కిందట పుట్టింది. తర్వాత లెక్కలన్నీ తిరగేసి, అలాంటిదేం లేదని తేల్చారు. తేల్చాక కూడా నేను ఆ స్లయిడు తీసేయలేదు, వాడిని ఉడికించడానికి.

"నా స్లయిడు నా ఇష్టం" అన్నాను.

ఓడిపోయి వెళ్ళడం లేదు. కాలు కావాలి కాబట్టి వెళ్తున్నాను. ఈ రెండిటికీ తేడా ఉంది. ఎంత ఉందో ఇవాళ అడగొద్దు.

ఏప్రిల్ 7

రేపు. భయం లేదు.

ఉంది.

ఏప్రిల్ 9

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

బల్ల మీద పడుకుంటే థియేటరు వేరేలా ఉంటుంది. పైకప్పులో ఒక పలక ఊడి ఉంది. పెద్దాయనకి చెప్పాలి. అందరూ ఎక్స్‌రే తగలకుండా సీసపు కోట్లు వేసుకుని యుద్ధానికి పోతున్నవాళ్ళలా నిలబడ్డారు. నాకు మాత్రం ఒక దుప్పటి.

కుడి గజ్జలో గుచ్చాడు. చేయి బాగుంది, ఒప్పుకుంటాను. తీగ పైకెక్కి, అటు తిరిగి, ఎడమ కాల్లోకి దిగింది. తెర మీద నా రక్తనాళాలు నల్లగా, ఎండిన కొమ్మల్లా కనిపించాయి. జానెడు మేర ఏమీ లేదు. తీగ అక్కడ ఆగింది. తోశాడు. తిప్పాడు. పక్కకి జారింది.

"గోడలోకి పోయావు" అన్నాను.

"చూశాను మేడమ్."

"వెనక్కి రా. మళ్ళీ దారిలోకి రాలేవు."

"మేడమ్, మీరిప్పుడు పేషెంటు. పేషెంట్లు మాట్లాడరు."

"నా పేషెంట్లు మాట్లాడరు, వాళ్ళకి మత్తిస్తాను కాబట్టి."

నర్సు ముసిముసిగా నవ్వింది. వాడు నవ్వలేదు. మూడు రకాల తీగలు మార్చాడు. గోడ పొరల మధ్య నుంచి తీగ అసలు దారిలోకి తిరిగి రాలేదు. గది నిశ్శబ్దమైపోయింది. చేతులెత్తేసే ముందు వచ్చే నిశ్శబ్దం. నా థియేటర్లోనూ విన్నాను.

అప్పుడు వాడు నా తల దగ్గరికి వచ్చి మాస్కు వెనక నుంచి మెల్లగా అన్నాడు. "కింది నుంచి రావచ్చు. మడమ పక్కనున్న ధమనిలో సన్న సూది గుచ్చి, అక్కడి నుంచి పైకి తీగ పంపి, రెండు తీగల్నీ మధ్యలో కలపొచ్చు."

"నాకు మిగిలింది ఆ ఒక్కటే."

"తెలుసు."

"దాన్ని పాడుచేస్తే రేపు ఎవరూ ఏమీ కుట్టలేరు. కింద కుట్టే చోటు ఎప్పుడూ చెడగొట్టొద్దని నీకు..."

"మీరే నేర్పారు. అందుకే అడుగుతున్నాను. గుచ్చనా? వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను."

ఇన్నేళ్ళలో ఎంతోమంది నా ముందు ఇలా పడుకుని ‘మీ ఇష్టం డాక్టరమ్మా’ అన్నారు. ఆ మాట అంత తేలిగ్గా ఎలా అంటారా అనుకునేదాన్ని. తేలిక కాదు.

"గుచ్చు" అన్నాను. "మెల్లగా. తప్పిపోతే నిన్ను బతకనివ్వను."

గుచ్చాడు. రెండోసారికి దొరికింది. కింది నుంచి ఎక్కిన తీగ, పై నుంచి దిగిన తీగ తెర మీద ఒకదాన్నొకటి వెతుక్కుంటూ చాలాసేపు తప్పించుకున్నాయి. ఒక్కసారిగా ఒకే దారిలో పడ్డాయి. ఎవరో ఊపిరి వదిలారు. అది నేనే.

బుడగ ఊదాక దారి తెరుచుకుంది, కానీ లోపల గోడ పొర చిన్నగా ఊడి వేలాడింది. "స్టెంటు" అన్నాడు. "వద్దు. బుడగ మళ్ళీ పెట్టి తక్కువ ఒత్తిడితో ఊది ఉంచు, పొర అతుక్కుంటుంది" అన్నాను. "మోకాలికి దగ్గరగా ఉంది, అతక్కపోతే?" "అప్పుడు పెట్టుకో." ఊదాడు. కాలు లోపలి నుంచి పగిలిపోతున్నట్టు నొప్పి. ‘తియ్యి’ అనకుండా పళ్ళు బిగించాను. బుడగ తీశాక రంగు మందు పంపాడు. పొర అతుక్కుంది. నల్లటి ధార ఆగకుండా పాదం దాకా పోయింది.

ఏడ్చాను. నొప్పికి అని చెప్పాను. వాడు నమ్మినట్టు తల ఊపాడు.

ఏప్రిల్ 13

పాదం వేడిగా ఉంది. చెల్లి ముట్టుకుని, "ఇది నీ కాలేనా?" అంది. చిటికెనవేలి కొస మాత్రం దక్కలేదు. నిన్న తీసేశారు. బఠాణీగింజంత ముక్క. బూట్లు కొనేటప్పుడు తగ్గింపు అడుగుతానన్నాను. చెల్లి నవ్వలేదు.

ఏప్రిల్ 20

పెద్దాయన పూలగుత్తి పట్టుకుని ఇంటికే వచ్చాడు. కూర్చుని, నా కాలి వైపు చూస్తూ, పెద్ద ఆలోచన ఉందన్నాడు. ఆస్పత్రి ముందు పెద్ద బోర్డు. నా ఫోటో. కింద ‘కోత లేదు, కుట్టు లేదు. సర్జనే నమ్మిన వైద్యం’.

"నేను నమ్మలేదు" అన్నాను. "నాకు సిర లేదు."

"జనాలకి అంత వివరం ఎందుకు డాక్టరుగారూ?"

"వివరం చెప్పకపోతే అబద్ధం. నా కాలు ప్రకటన కాదు."

"అయితే గురువారం సంగతి..."

"పూలు అక్కడ పెట్టి వెళ్ళండి."

చెల్లి తలుపు తీసి పట్టుకుంది. చాలా మర్యాదగా పట్టుకుంది, అది ఇంకా అవమానం. ఆ పూలు నిజంగా బాగున్నాయి. బయట పారేయబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 23

మేస్త్రి కాలు మళ్ళీ మూసుకుంది.

ఏప్రిల్ 24

మీటింగు. వేళ్ళు బయటికి కనిపించే చెప్పులు వేసుకుని, కట్టు కనిపించేలా వెళ్ళాను. దాచడం ఇక నావల్ల కాదు. పైగా దాచి సాధించిందేముంది?

పెద్దాయన మొదలుపెట్టాడు. "డాక్టరుగారు స్వయంగా తీగ వేయించుకున్నారు. ఇంతకంటే రుజువేం కావాలి?" అందరూ నా వైపు తిరిగారు. చాలామంది కళ్ళలో జాలి. జాలి పడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

లేచి నిలబడ్డాను. "తీగ నా కాలు నిలబెట్టింది. వాడు లేకపోతే ఇవాళ కుర్చీలో తోసుకొచ్చేవాళ్ళు. ఇది ఈ గదిలో అందరి ముందూ చెప్తున్నాను, రాసుకోండి. కానీ మీరు అడగాల్సింది నా కాలి గురించి కాదు. మేస్త్రి కాలి గురించి."

నేను చెప్పబోయేంతలో తీగ లేచాడు. తన పేషెంటు బొమ్మలు తనే తెర మీద వేశాడు. నాలుగుసార్లు తెరిచాడు, ప్రతిసారి మూసుకున్నప్పుడూ మూత ఇంకాస్త కిందికి దిగింది. "అయిదోసారి నేను చేయగలను. చేస్తే మేడమ్‌కి కుట్టే చోటు మిగలదు. ఇతనికి మంచి సిర ఉంది. ఇతనికి కోతే. ఆ గది తీసేస్తే ఇలాంటివాళ్ళని నేను ఎక్కడికి పంపాలి? వేరే ఊరంటే వీళ్ళు వెళ్ళరు, కాలు పోయేదాకా ఇంట్లోనే ఉంటారు."

తన సినిమా హాలు పెద్దది కాకుండా తనే అడ్డం పడ్డాడు. పెద్దాయన ముఖం చూడాలి! చివరికి, "ఈ ఒక్క కేసు చేయండి. తర్వాత చూద్దాం. కానీ డాక్టరుగారూ, మీరు అంతసేపు నిలబడగలరా?" అన్నాడు.

"మీరు ఇప్పటిదాకా గమనించలేదా? నిలబడే మాట్లాడుతున్నాను" అన్నాను.

మే 7

మేస్త్రి వార్డులో. కాగితం మీద సంతకానికి ముందు అడిగాడు. అడుగుతాడని తెలుసు, అయినా గుచ్చుకుంది.

"మీ కాలికి తీగ వేయించుకున్నారట కదా డాక్టరమ్మా. నాకేమో కోత పెడతారా?"

పక్క మంచాలవాళ్ళు కూడా చెవులు రిక్కించారు. నేను మంచం అంచున కూర్చుని చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి, రెండు మడమల దగ్గరా ఉన్న పాత కోత మచ్చలు చూపించాను.

"ఇక్కడ నరం ఉండేది. వయసులో ఉన్నప్పుడే తీసేశారు. కుట్టడానికి నా దగ్గర ఏమీ లేదు మేస్త్రీ. మీ దగ్గరుంది. నా దగ్గర ఉండి ఉంటే నేనే ముందు కోయించుకునేదాన్ని. భయపడుతూనే కోయించుకునేదాన్ని."

"మీకూ భయమా?"

"బల్ల మీద పడుకుంటే అందరికీ భయమే. ఈసారి తెలిసొచ్చింది."

కాసేపు తన కాలు తనే చూసుకున్నాడు. "సరే కోయండి. కానీ ఆ తీగ డాక్టరుగారు కూడా లోపల ఉండాలి."

"ఉంటాడు. ఎక్కడికీ పోనివ్వను."

మే 8

గురువారం.

స్టూలు బయట పెట్టించాను. సిర తీయడం నేను చేశాను. మోకాలి కింద కుట్టే దగ్గరికి వచ్చేసరికి నా ఎడమ కాలు బరువెక్కింది. ఆ పాత నొప్పి కాదు, నెల రోజులు పని లేని కాలి అలసట. అయినా అలసటే. చేయి కొంచెం వణికింది. వణికిన చేత్తో కుడితే మేస్త్రి కాలు పోతుంది. నా పంతం కోసం వాడి కాలు పణంగా పెట్టలేను.

సూది తీగ చేతిలో పెట్టాను.

"నేను కుట్టి చాలా ఏళ్ళయింది మేడమ్."

"తెలుసు. అందుకే పక్కన నిలబడ్డాను. లోపలి నుంచి బయటికి. దారం బిగించి పట్టుకుంటాను, తొందరపడకు."

మొదటి కుట్టు అధ్వాన్నంగా వేశాడు. విప్పించాను. రెండోది పర్లేదు. తర్వాత చేతికి పాత అలవాటు తిరిగొచ్చింది. చివరి కుట్టు దగ్గరికొచ్చేసరికి నా చేయి కుదుటపడింది, అది నేను వేశాను. రక్తం ఆపడానికి ధమనికి వేసిన బిగింపులు తీశాం. మేస్త్రి పాదం తెల్లగా ఉన్నది కాస్తా, మేం చూస్తుండగానే గులాబీ రంగుకి తిరిగింది. నర్సు చప్పట్లు కొట్టబోయి చేతి తొడుగులు గుర్తొచ్చి ఆగింది.

సాయంత్రం మేస్త్రి కాలు దుప్పటి కింద వెచ్చగా ఉంది. కిందికి వేలాడేయకుండా నిద్రపోయాడు.

ఇంటికి బయల్దేరుతూ థియేటరు బయటున్న బోర్డు దగ్గర ఆగాను. వచ్చే గురువారం గడిలో పెద్దాయన రాయించిన మాట ఉంది. ‘గది మరమ్మతు’. చేత్తో తుడిచేశాను. నా ఓపీలో మంచి సిర ఉన్న మనిషి ఇంకొకామె ఉంది, ఆమె పడక నంబరు రాశాను. సర్జన్ అన్నచోట నా పేరు, పక్కన తీగ అసలు పేరు రాశాను. కొత్త పెన్ను, ఇంత లావు అక్షరాలు. తుడవాలనుకున్నవాళ్ళు రావచ్చు. రెండు కాళ్ళ మీదా నిలబడే మాట్లాడతాను.